నువ్వేం చేసినా చెడదు

జనవరి 9

తమ్ముడూ,

ముందు కుశలం రాసి తర్వాత విషయానికి రావాలంటారు. నా చెవి ఇంకాస్త మందగించింది, మిగతా ఒళ్ళంతా బాగానే ఉంది. కుశలం అయింది.

విషయం ఏమిటంటే షాపులో కంప్యూటర్ ఇవాళో రేపో అన్నట్టుంది. దాని ఫ్యాను తన కుట్టుమిషను కన్నా గట్టిగా మోగుతోందని బూట్లు కుట్టే మేస్త్రి ఎప్పట్నుంచో చెబుతున్నాడు. నాకెలాగూ వినపడదు కనుక పట్టించుకోలేదు. మొన్న లెక్కల మాస్టారి కాళ్ళ కొలతలు తెరిచి ఉండగానే స్క్రీను నీలంగా మారిపోయింది. మళ్ళీ తెరుచుకోవడానికి మధ్యాహ్నం దాకా బతిమాలించుకుంది. అమ్మాయి వచ్చి చూసి, మర్నాడే కొత్త ల్యాప్‌టాప్ తెచ్చి టేబుల్ మీద పెట్టింది. పల్చగా, ముచ్చటగా ఉంది. కానీ దాంట్లో మన కొలతల ప్రోగ్రాం తెరుచుకోదు. "ఇది వేరే జాతి కంప్యూటరమ్మా, ఆ పాతది దీంట్లో నడవదు" అని చెప్పి అది ఆఫీసుకి వెళ్ళిపోయింది.

ప్రోగ్రాం సంగతి నీకు తెలుసు. మీ బావ కొన్నది. అమ్మినవాళ్ళు ఎప్పుడో దుకాణం ఎత్తేశారు. ఒక కాలు పొట్టివాళ్ళు, వేళ్ళు వంకరపోయినవాళ్ళు, షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ పోయినవాళ్ళు, ఇన్నేళ్ళుగా నా దగ్గర బూట్లు కుట్టించుకున్న అందరి కొలతలూ దాంట్లోనే ఉన్నాయి. కొలతలిస్తే అది అట్ట నమూనా గీసిస్తుంది, ఆ గీత మీద మేం తోలు కోస్తాం. అది లేకపోతే నాకూ పక్కనున్న రెడీమేడ్ బూట్లవాడికీ తేడా లేదు. నా గది మీద వాడు కన్నేసి చాలా కాలమైంది.

నువ్వు ఆ గని ఆఫీసులో ఇన్ని కంప్యూటర్లకి కాపలా కాస్తున్నావు కదా, ఏం చేయాలో చెప్పు. ఫోన్ మాత్రం చేయకు. వినపడక ప్రతిదానికీ ఊ కొట్టేస్తాను, తర్వాత గొడవ. రాయి.

అక్క


జనవరి 18

అక్కా,

నీ ఉత్తరం చేరింది. పాత కంప్యూటర్ని ఊరికే ఆపి మళ్ళీ తెరవకు. ఆపకుండా వదిలేయకు కూడా. మూడురోజులకోసారి తెరిచి చూడు. వర్షం వచ్చేట్టుంటే ప్లగ్ పీకెయ్యి.

నీకు కావలసినది ఉంది. కంప్యూటర్‌లో ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నటించే సాఫ్ట్‌వేర్. వర్చువల్ మెషీన్ అంటారు. పాత కంప్యూటర్ మొత్తాన్ని ఒక ఫైలుగా నకలు తీసి దాంట్లో పెడతాం. ఇల్లు మారిన సంగతి నీ ప్రోగ్రాంకి తెలియను కూడా తెలియదు.

అయితే ఏది ఎంచుకోవాలన్నది తొందరపడి తేల్చేది కాదు. మూడున్నాయి. మొదటిది ఉచితం, అందరూ వాడేది. అది ఇంట్లో ఒక గది అద్దెకిచ్చే రకం. వచ్చినవాడు ఇంటివాళ్ళ భాషే మాట్లాడాలి. నీ కొత్త ల్యాప్‌టాప్ భాష వేరు, పాత ప్రోగ్రాం భాష వేరు, కాబట్టి ఇది కుదరదు. రెండోది ఏటేటా డబ్బు కట్టేది. చూడ్డానికి బాగుంటుంది, వేగం. కానీ దాంట్లో ఈ మధ్య వచ్చిన విండోసే పడుతుంది, ఆ విండోస్ నీ పాత ప్రోగ్రాంని భరిస్తుందో లేదో చూడాలి. మూడోది ఉచితమే. పాత కంప్యూటర్ అన్న ప్రతి మాటనీ కొత్తదానికి తర్జుమా చేసి చెప్పే రకం. నత్తనడక. చూడ్డానికీ ఏమంత బాగుండదు. కానీ పాత యంత్రాన్ని మరమేకుతో సహా అనుకరిస్తుంది.

ఒక్కటి చెప్పు. పాత కంప్యూటర్ వెనక ఏదైనా చిన్న ముక్క గుచ్చి ఉందా? అది తీస్తే ప్రోగ్రాం తెరుచుకోవడం మానేస్తుందా? జవాబు దాని మీదే ఉంది.

మీ మరదలు నిన్ను అడిగినట్టు రాయమంది. చెవికి మిషను పెట్టించుకోమని కూడా రాయమంది.

తమ్ముడు


జనవరి 27

జాగ్రత్తల రాయుడికి,

చిన్నప్పుడు ఎండలో గొడుగేసుకుని బడికెళ్ళినవాడివి, నీకు ఈ పేరు ఊరికే పెట్టలేదు. ఆపొద్దంటావు, ఆపకుండా వదలొద్దంటావు. నేను దానికి విసనకర్రతో విసురుతూ కూర్చోవాలా?

ముక్క ఉంది. ఆకుపచ్చది, బొటనవేలంత. మీ బావ దాన్ని తాళం బిళ్ళ అనేవాడు. పోతుందేమోనన్న భయంతో బూటు లేసుతో టేబుల్ కాలికి కట్టాడు. ఒకసారి తుడుస్తూ లాగేస్తే ప్రోగ్రాం తెరుచుకోక నాతో ఒక పూట మాట్లాడలేదు. ఆయన పేకాట ఆడుకునే కంప్యూటరూ అదే అనుకో, కోపానికి అదీ ఒక కారణం. కస్టమర్ రావడం ఆలస్యమైతే చాలు, స్క్రీను మీద ముక్కలు పరిచేవాడు.

నీ మూడింటి సంగతి మేస్త్రికి చదివి వినిపించాను. "డబ్బు కట్టేదే మంచిదై ఉంటుందమ్మా" అన్నాడు. నాకు అందం వద్దు, వేగం వద్దు. తాళం బిళ్ళని గుర్తుపట్టాలి. అట్ట మీద గీత వెంట్రుకవాసి అటూ ఇటూ పోకూడదు. స్పర్శ లేని కాలికి బూటు బిగుతైతే ఆ మనిషికి తెలియదు, పుండు పడ్డాకే తెలుస్తుంది. ఇది నీ గనిలో జీతాల చిట్టా కాదు.

ఇక ఉత్తరాల మీద అయ్యే పని కాదిది. సెలవు పెట్టి రా.

అక్క


ఫిబ్రవరి 20

అక్కా,

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన భోజనం దారిలో సగమే తిన్నాను, మిగతాది బాగుందని ఎదుటి సీటాయన తిన్నాడు.

అక్కడ హడావిడిలో సరిగ్గా చెప్పానో లేదో, మళ్ళీ రాస్తున్నాను. డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ నీ ప్రోగ్రాంని తెరిచింది గానీ ఆకుపచ్చ బిళ్ళని పరాయివాణ్ణి చూసినట్టు చూసింది. అందుకే మూడోదే పెట్టాను. తెరుచుకోవడానికి సమయం తీసుకుంటుంది, ఆ సేపట్లో షాపు ఊడ్చుకోవచ్చు. లేసు మళ్ళీ కట్టాను, ముడి మాత్రం నాది, బావ ముడి అంత బాగాలేదు.

నీ కంగారు చూశాను కాబట్టి చెబుతున్నాను. ఏ బటనైనా ధైర్యంగా నొక్కు. నువ్వేం చేసినా అది చెడదు. మా శిక్షణ గదిలో ప్రతి బ్యాచీ వచ్చి ఇష్టమొచ్చినట్టు నొక్కే కంప్యూటర్లనే నేను ఒక్క పూటా మూలపడనివ్వలేదు, నీదెందుకు చెడనిస్తాను?

పాత కంప్యూటర్ని అమ్మాయి పాత సామానువాడికి ఇచ్చేస్తానంది. ఇచ్చేయమను.

తమ్ముడు


మార్చి 6

తమ్ముడూ,

నీ నత్త బాగానే నడుస్తోంది. మొదటి అట్ట గీయించి ఇనుప స్కేలుతో నాలుగు వైపులా కొలిచాను. తేడా లేదు. మేస్త్రి కూడా కొలిచాడు, అంటే ఆయన నన్ను నమ్మలేదన్నమాట. ఆయన నమ్మకపోవడమే నాకు ధైర్యం.

రోజూ సాయంత్రం మూత వేసి వెళ్ళిపోతున్నాను. వారానికోసారి, షాపుకి సెలవు ముందురోజు, పూర్తిగా ఆపుతున్నాను. అలా ఆపితే దాని ఆరోగ్యానికి మంచిదని అమ్మాయి చెప్పింది. మనుషులకైనా అంతేగా.

ఒక్క పని చేశాను, చెప్పాలో వద్దో. నువ్వు పాత కంప్యూటర్ మొత్తాన్ని దించావు కదా, దాంతో పాటు మీ బావ పేకాట బొమ్మ కూడా వచ్చింది. పొద్దున్నే తెరవగానే మూలన అదే కనిపిస్తోంది. చూస్తే ఆయన కుర్చీ గుర్తొస్తోంది, పని సాగడం లేదు. నిన్న దాన్ని చెత్తబుట్టలో వేసి, బుట్ట కూడా ఖాళీ చేశాను. చేశాక కాసేపు కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నాను. తర్వాత నర్సమ్మ కాలు కొలవడానికి లేచాను.

అక్క


ఏప్రిల్ 11

తమ్ముడూ,

ఈ ఉత్తరంలో కుశలం లేదు.

లెక్కల మాస్టారి ఎడమపాదం వాచి వెడల్పైంది. పోయిన నెలలో వచ్చినప్పుడు నేనే కొలిచి, ప్రోగ్రాంలో పాత అంకె కొట్టేసి కొత్తది వేశాను. వేశాననే నా నమ్మకం. ఆ వారం తోలు రాలేదు, సెలవు గడిచాక అట్ట గీయించాం, కుట్టాం, ఇచ్చాం. మొన్న ఆయన కొడుకు ఆటోలో తీసుకొచ్చాడు. చిటికెన వేలి పక్కన పుండు. బూటు బిగుతు. ప్రోగ్రాం తెరిచి చూస్తే పాత అంకే ఉంది.

ఆయన నన్ను ఏమీ అనలేదు. "లెక్కలో తప్పులు అందరికీ వస్తాయమ్మా" అన్నాడు. నలభై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి ఆ మాటంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఇదొక్కటే అయితే సర్దుకునేదాన్ని. నర్సమ్మ రెండోసారి వస్తే ఆమె పేరే లేదు. కొలిచిన సంగతి నాకు గుర్తుంది, ఆమెకీ గుర్తుంది. మళ్ళీ కొలిచాను. ఇంకో ఇద్దరిదీ ఇదే కథ. కొందరివి ఉంటున్నాయి, కొందరివి ఉండటం లేదు. పైగా పేకాట బొమ్మ మళ్ళీ అదే మూలన ఉంది. నువ్వు అక్కడినుంచి ఏమైనా పెడుతున్నావా? లేక నేను తీశాననుకుని తీయలేదా?

అక్క


ఏప్రిల్ 20

అక్కా,

మాస్టారి పుండు సంగతి చదివి బాధేసింది. నీ తప్పని అనుకోకు. వయసు మీద పడ్డాక అందరికీ ఏదో ఒకటి జారుతుంది.

నేను ఇక్కడినుంచి ఏమీ పెట్టలేదు. పెట్టడానికి నీ షాపులో ఇంటర్నెట్టే లేదు. ఆ సాఫ్ట్‌వేర్‌ని నేను ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నాను, దానంతట అది అంకెలు మార్చదు. తీసేద్దామని చేయి పెట్టి, బావ గుర్తొచ్చి వదిలేశావేమో. అలా జరుగుతుంటుంది.

పనిలో పని, సరదాకి అడుగుతున్నాను. మన చిన్నప్పటి ఇంటికి ఎదురుగా ఉన్న కుట్టుపని ఆవిడ కూతుళ్ళెంతమంది? నిన్న రాత్రి ఏం తిన్నావు? రాస్తే చదవాలని ఉంది. నిద్ర బాగా పడుతోందా? పొయ్యి కట్టేశావో లేదో వెనక్కి వచ్చి చూసుకుంటున్నావా?

కొన్నాళ్ళు అమ్మాయి దగ్గర ఉండొచ్చుగా. షాపు ఎక్కడికీ పోదు.

తమ్ముడు


మే 4

తమ్ముడికి,

కుట్టుపని ఆవిడకి ముగ్గురు కూతుళ్ళు. నడిపిదాని వెనక నువ్వు సైకిలు మీద తిరిగితే వాళ్ళ నాన్న గాలి తీసేశాడు. నువ్వు సైకిలు నడిపించుకుంటూ ఇంటికొచ్చి పంక్చరని చెప్పావు. నాకు అన్నీ గుర్తున్నాయి.

నీ ప్రశ్నలు సరదావి కావని ఉత్తరం మడిచేలోపే అర్థమైంది. అమ్మకి మొదలైనప్పుడు ఆ పొయ్యి ప్రశ్నే డాక్టరు మనల్ని అడిగాడు. అప్పుడు జవాబు చెప్పింది నేను, నీ ప్రశ్న ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియదా? అమ్మాయికి కూడా రాశావట. అది నన్ను కళ్ళ డాక్టరు దగ్గరికని చెప్పి మతిమరుపు డాక్టరు దగ్గర కూర్చోబెట్టింది. ఆయన ప్రశ్నలు కాగితం మీద రాసి చూపించాడు, గడియారం బొమ్మ గీయమన్నాడు. రోజంతా మడమలూ సోలులూ గీసేదాన్ని, గుండ్రం గీయడానికి నాకెంత సేపు? అంకెలు మాత్రం రెండుసార్లు లెక్కపెట్టుకుని వేశాను. ఇప్పటికి ఏమీ తేలలేదు, ఆరు నెలల తర్వాత రమ్మన్నాడు. ఇంటికి వస్తూ అమ్మాయి నా చేయి పట్టుకుంది. రోడ్డు దాటడానికి కాదు.

అమ్మని చివర్లో ఎలా చూశామో నీకూ తెలుసు. ఆవిడ అన్నం తిని కూడా తినలేదనేది. అది మరుపే అయినా ఎవరి కాలికీ పుండు చేయలేదు. నాది చేస్తోంది. అందుకే పక్కవాడితో మాట్లాడాను. ఈ నెలాఖరుకి తాళాలిస్తానని చెప్పాను. మేస్త్రిని వాడే పెట్టుకుంటానన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే కన్నా ఇదే నయం.

ఒక్కటి మాత్రం నాకు మింగుడు పడటం లేదు. ఆ పేకాట బొమ్మని ఆ తర్వాత ఇంకో రెండుసార్లు తీశాను. మూడోసారి మేస్త్రిని పక్కన నిలబెట్టి మరీ తీశాను. "పోయిందమ్మా" అని ఆయనే అన్నాడు. సెలవు అయి వచ్చి తెరిస్తే మళ్ళీ ఉంది. నాకు మతి పోతోందంటే ఒప్పుకుంటాను. మరిచిపోతే చేసిన పని గుర్తుండదు, అంతవరకే. తీసేసిన వస్తువు దానంతట అది తిరిగి ఎలా వస్తుంది? అమ్మ ఎంత మరిచినా, తిన్న అన్నం మళ్ళీ కంచంలోకి రాలేదు కదా.

దీనికి జవాబు రాయనక్కర్లేదు. పెద్దవాడివయ్యావు, అక్కని పరీక్షకి పంపేంత.

ఇట్లు,
మీ అమ్మ కూతురు


మే 12

అక్కా,

నీ ఉత్తరం ఆఫీసులో, శిక్షణ గది మెట్ల మీద కూర్చుని చదివాను. కంచంలోకి రాలేదు కదా అన్న దగ్గర ఆగిపోయాను. లేచి గదిలోకి వెళ్ళి ఒక కంప్యూటర్ తెరిచి చూశాను. నిన్నటి బ్యాచీ అందులో రాసినదేదీ లేదు. ఉండదు. ఎవరేం చేసినా, ఆపగానే మొదటి రోజుకి వెళ్ళిపోయేలా నేనే పెట్టాను.

నీదీ అలాగే పెట్టాను. ఆ సాఫ్ట్‌వేర్‌లో మార్పులు భద్రపరచకుండా నడుపు అని ఒక గడి ఉంటుంది. ఇక్కడ ప్రతిదానికీ అలవాటుగా టిక్కు పెట్టినట్టే అక్కడా పెట్టాను. నువ్వు తెలియక ఏదైనా నొక్కి పాడుచేస్తావని. మూత వేస్తే అది నిద్రపోతుంది అంతే, రాసింది ఉంటుంది. పూర్తిగా ఆపితే మాత్రం నేను వచ్చి వెళ్ళిన రోజుకి తిరిగి పోతుంది. అందుకే వారమంతా ఉన్నవి సెలవు తర్వాత ఉండవు. మాస్టారి అంకె నువ్వు మార్చావు. నర్సమ్మ పేరు నువ్వు రాశావు. పేకాట బొమ్మ నువ్వు మూడుసార్లూ తీశావు. చెరిపింది నేను.

ఆపుకోలేక నీకు ఫోన్ చేశాను. అంతా చెప్పాను. నువ్వు ఊ అన్నావు. వినపడలేదని నాకు తెలుసు. అమ్మాయికి చేసి, ఈ ఉత్తరం చేరేదాకా అమ్మని తాళాలు ఇవ్వనీయకు అని మాత్రం చెప్పాను. ఎందుకో నీకు నేనే చెప్పాలి.

ఆ గడి ఎక్కడుందో వెనక పేజీలో బొమ్మ గీశాను. టిక్కు తీసెయ్యి. తీసే ముందు కంప్యూటర్ ఆపకు, ఈ వారం రాసినవన్నీ కాగితం మీదకి ఎక్కించుకో.

నువ్వేం చేసినా చెడదు అన్నాను చూడు, ఆ మాట తలుచుకుంటే సిగ్గుగా ఉంది. క్షమించమని అడిగే మొహం లేదు. మాస్టారి మందుల ఖర్చు నాది.

తమ్ముడు


జూన్ 3

తమ్ముడూ,

కుశలం. ఈసారి నిజంగానే.

నీ ఉత్తరం వచ్చిన పూట పక్కవాడు టేపు పట్టుకుని నా అల్మారాల పొడుగు కొలుస్తున్నాడు. ఉత్తరం రెండుసార్లు చదివి, "బాబూ, టేపు చుట్టెయ్" అన్నాను. ఏమైందన్నాడు. "నా మతి దొరికింది" అన్నాను. వాడికి అర్థమైనట్టు లేదు. నా మతి పూర్తిగా పోయిందనుకున్నాడేమో, మెల్లగా చుట్టేసుకుని వెళ్ళాడు.

నువ్వు చెప్పినట్టే అన్నీ రాసుకుని, టిక్కు తీసి, మాస్టారి అంకె వేసి, పూర్తిగా ఆపాను. మేస్త్రీ నేనూ ఎదురుగా కూర్చుని అది మళ్ళీ తెరుచుకునేదాకా చూశాం. నత్త కదా, చాలా సేపు చూశాం. అంకె ఉంది. మేస్త్రి కళ్ళు తుడుచుకున్నాడు. నేను తుడుచుకోలేదు, ఊరికే వదిలేశాను.

మాస్టారి పుండు మానింది. కొత్త బూటు వేసుకుని షాపు ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి చూపించాడు. జరిగిందంతా చెప్పాను. "మీ తమ్ముడు పలక మీద లెక్క చేయించి, జవాబు చెరిపేసి, పైగా చేయలేదన్నాడన్నమాట" అన్నాడు. ఆయన మందుల ఖర్చు నేను ఇవ్వబోతే తీసుకోలేదు. నువ్వు పంపినా తీసుకోడు, ఆ ప్రయత్నం మానుకో.

నీ మీద కోపం పోలేదు. కంచె వేసిన నువ్వే చేను మేశావు, అది పొరపాటు, ఎవరికైనా జరుగుతుంది. నాకు కష్టం వేసింది ఇంకోటి. రెండింటిలో ఏదో ఒకటి తప్పు చేస్తోందని తెలిసినప్పుడు, నువ్వు కంప్యూటర్ని నమ్మావు. నన్ను అనుమానించావు. డాక్టరు గదిలో గడియారం గీస్తున్నప్పుడు నాకు ఎంత భయమేసిందో చెప్పలేను. అమ్మ మంచం కనబడింది. ఇంకెప్పుడైనా నాకేదైనా అవుతోందనిపిస్తే అమ్మాయికి రాయకు, నాకు రాయి. నాకే రాయి. చదవడం నాకు ఇంకా వచ్చు.

చెవి మిషను పెట్టించుకున్నాను, మరదలికి చెప్పు. మేస్త్రి మిషను అంత మోత చేస్తుందని ఇన్నేళ్ళూ తెలియదు. పని చేస్తున్నప్పుడు తీసి పక్కన పెడుతున్నాను.

ఇక బొమ్మ సంగతి. టిక్కు తీసేశాం కాబట్టి ఇప్పుడు ఏది తీస్తే అది పోతుంది, మళ్ళీ రాదు. మొన్న సాయంత్రం అందరూ వెళ్ళాక దాని మీద బాణం గుర్తు పెట్టి కాసేపు ఉన్నాను. తర్వాత తెరిచాను. మీ బావలా పరచడం రాలేదు, మొదటి ఆట ఓడిపోయాను.

అది ఇంకా ఆ మూలనే ఉంది. ఈసారి నేను ఉంచితేనే ఉంది.

అక్క